రోజుకు ముప్పై వరుసల భయం

చినకొమ్మర బడి నావల్లే మూతపడబోయిందని మా ఊళ్ళో ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. అందులో నిజం కొంతే. నేను భయపడ్డాను. ఆ భయాన్ని పైవాళ్ళ ఆజ్ఞ ప్రకారం కాగితం మీద పెట్టాను. తర్వాత జరిగిందంతా కాగితమే చేసింది.

మా బడి మా ఇంటికి మూడో ఇల్లు. ఒక హాలు, ఒక గది, ఇరవై ముగ్గురు పిల్లలు, ఇద్దరు మాస్టార్లు, ముందు ఒక బాదం చెట్టు. చెట్టు కొమ్మకి రైలు పట్టా ముక్క ఒకటి వేలాడుతుండేది. అదే గంట. హెడ్మాస్టరు భానోజీరావు గారు ఇనప కడ్డీతో కొడితే మా వంటింట్లో గిన్నెలు కూడా గుయ్యిమనేవి. మా తనూజ మూడో తరగతి. పొద్దున్న గంట మోగితే పిల్ల లోపలికి వెళ్ళిందనీ, మధ్యాహ్నం మోగితే అన్నానికి కూర్చుందనీ, సాయంత్రం మోగితే ఇంకో నిమిషంలో గుమ్మంలో ఉంటుందనీ నాకు తెలిసేది. ఒక మోతకీ ఇంకో మోతకీ మధ్య మాత్రం భయపడేదాన్ని.

ఊరి చివర నాలుగు వరుసల హైవే ఉంది. దాన్ని దాటితే పెదకొమ్మర, అక్కడ పెద్ద బడి. మా బడి ఎప్పుడైనా తీసేస్తే పిల్లలు ఆ లారీల మధ్యనుంచి అక్కడికి పోవలసిందే. ఈ సంగతి నేను ఎవరితోనూ అనలేదు. చిన్న భయాలు చెప్పుకుంటే తేలికవుతాయిగానీ, పెద్ద భయాన్ని పేరు పెట్టి పిలవకూడదని మా అమ్మ నేర్పింది. పిలిస్తే వస్తుందట.

జూలైలో మండలానికి కొత్తగా అక్షర వికాసాధికారి వచ్చారు. పేరు విశ్వంభరరావు గారు. తల్లులందరినీ బాదం చెట్టు కింద కూర్చోబెట్టి, ఎవరో ఇచ్చిన కొబ్బరి నీళ్ళు తాగి, మాట్లాడారు.

"మాతృమూర్తులారా, గణాంకాల ప్రకారం ఈ మండలంలో ఎనభై ఏడు శాతం మహిళలకు రాయడం వచ్చు. అయితే మా క్షేత్రస్థాయి పరిశీలనలో, రాయడం వచ్చినవారెవరూ రాయడం లేదని తేటతెల్లమైంది. వచ్చిన విద్యను నిరుపయోగంగా ఉంచడం జాతి సంపదను అటకెక్కించడమే. కావున నేటి నుంచి 'అమ్మ పేజీ' కార్యక్రమం అమల్లోకి వస్తున్నది."

తలా ఒక నోటు పుస్తకం ఇచ్చారు. నీలం అట్ట, వంద పేజీలు. అట్ట వెనక నియమాలు అచ్చువేశారు. రోజుకొక పేజీ రాయాలి. పేజీకి ముప్పై వరుసలు, ఒక్క వరుసా ఖాళీ ఉండకూడదు. నిన్న రాసింది ఇవాళ రాయకూడదు. విషయం బడికి సంబంధించినదై ఉండాలి. రాసిన పేజీని చింపి బడి గుమ్మం దగ్గరి డబ్బాలో వెయ్యాలి. వందో పేజీ నాటికి మా ఊరు 'సంపూర్ణ లేఖన గ్రామం' అవుతుంది.

నేను చెయ్యెత్తాను. "నేను ఏడో క్లాసు పరీక్ష తప్పేనండి. రాయకపోతే ఏమవుద్దండి?"

"అటువంటి పరిస్థితి ఉత్పన్నం కాబోదు," అన్నారాయన.

ఆ మాటకి నేను చెయ్యి దించేశాను. 'ఏమీ కాదు' అని ఉంటే ఇంటికెళ్ళి పడుకునేదాన్ని. 'ఉత్పన్నం కాబోదు' అన్నారంటే ఏదో చాలా పెద్దదే ఉంది.

పక్కింటి మంగాయమ్మ పిన్ని నా చెవిలో అంది, "మా కోడలికి రాయడం రాదే. దాని బదులు నేను రాత్తానని చెప్పేను. నాకూ రాదు, కానీ ఆ సంగతి ఇంకా ఎవరికీ తెలీదు."

ఆ సాయంత్రం పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. మొదటి వరుసలో పేరు రాశాను. వీరవేణి. ఇంకా ఇరవై తొమ్మిదిన్నర వరుసలున్నాయి.

"ఏం రాయనే?" అన్నాను తనూజతో.

"రోజూ నాకు చెప్తావు కదమ్మా, అదే రాయి."

"ఏం చెప్తాను?"

"ఫ్యాను కింద కూర్చోకు, పడిపోద్ది. అది."

రాశాను. హాల్లో ఉన్న ఒక్క ఫ్యాను తిరిగేటప్పుడు కటకటమంటుందనీ, ఒక రెక్క కాస్త వంగి ఉందనీ, దాని కింద మా అమ్మాయీ, బట్టల కొట్టువాళ్ళ పిల్లా, ఇంకో ఇద్దరూ కూర్చుంటారనీ, అది ఊడితే ముందు ఎవరి మీద పడుతుందో, తర్వాత ఎటు దొర్లుతుందో, అప్పుడు మాస్టారు ఏ పక్కన ఉంటారో, అన్నీ రాశాను. చెయ్యి ఆగలేదు. ముప్పై వరుసలు ఎప్పుడైపోయాయో తెలియలేదు. ఇంకా ఫ్యాను పూర్తిగా కింద పడనేలేదు.

"ప్రమాదంలో క్రావడి మర్చిపోయావు," అంది తనూజ, పెన్సిలుతో దిద్దుతూ.

డబ్బాలో పడిన పేజీలు మండల కార్యాలయానికి వెళ్ళేవి. అక్కడ టపా తీసుకునే గుమాస్తా సూర్యకాంతం గారు. బయటి మనిషి చేతిరాతతో వచ్చే కాగితాలకి ఆవిడ దగ్గర ఉన్నది ఒకే రిజిస్టరు, ఒకే ముద్ర. దాని మీద 'అర్జీ' అని ఉంటుంది. తల్లుల పేజీలకి వేరే ముద్ర ఎవరూ చేయించలేదు. కాబట్టి ఆవిడ నా ఫ్యాను మీద 'అర్జీ' అని కొట్టి, నంబరు వేసింది. అర్జీకి ఏడు రోజుల్లో పరిష్కారం చూపాలన్నది రూలు. అప్పటికి ఈ సంగతి నాకు తెలియదు.

ఆరో రోజు నిచ్చెనతో ఇద్దరూ, ఫోనుతో ఒకరూ వచ్చి ఫ్యాను ఊడదీశారు. ఊడదీయక ముందు ఒక ఫోటో, ఊడదీస్తుండగా ఒకటి, ఊడదీశాక ఖాళీ కొక్కేన్ని ఒకటి తీసుకున్నారు. మర్నాడు నాకు ఫోను వచ్చింది. ఎవరో ఆడపిల్ల గొంతు, ఊపిరి తీసుకోకుండా చెప్పింది.

"మీ అర్జీ సంఖ్య నాలుగు వందల పదకొండు పరిష్కరించబడినది. మీరు సంతృప్తి చెందినట్లయితే ఒకటి నొక్కండి. చెందనట్లయితే రెండు నొక్కండి."

మా ఆయన సోమన్న కొబ్బరికాయలు వలుస్తాడు. లోకం తెలిసినవాడు. పరుగెత్తుకెళ్ళి అడిగాను.

"ఒకటి నొక్కు," అన్నాడు. "రెండు నొక్కితే ఇంటికొత్తారు."

"వచ్చి?"

"వచ్చి, ఎందుకు నొక్కేవని అడుగుతారు."

ఒకటి నొక్కాను. అప్పటినుంచి ఎన్నిసార్లు ఫోను వచ్చినా ఒకటే నొక్కాను.

ఫ్యాను పోయింది, కొక్కెం మిగిలింది. కొక్కేన్ని చూస్తే నాకు ఫ్యానుకంటే భయం వేసింది. రెండో వారం అదీ పోయింది. పోయినచోట కప్పులో చిన్న కన్నం పడింది. కన్నంలోంచి తేలు దిగవచ్చు. దాని మీద ముప్పై వరుసలు సునాయాసంగా వచ్చాయి.

బాదం కాయలు పిల్లల నెత్తిన పడతాయని రాశాను. కొమ్మలు కొట్టేశారు. గంట వేలాడే కొమ్మ ఒక్కటే మిగిలింది. నీడ లేక పిల్లలకి వడదెబ్బ తగులుతుందని రాశాను. షామియానా వేశారు. అది గాలికి లేచిపోతుందని రాశాను. తాళ్ళు కట్టారు. తాళ్ళకి తట్టుకుని పళ్ళు రాలతాయని రాశాను. తాళ్ళ పక్కన ఒక మనిషిని నిలబెట్టారు. ఆ మనిషి ఎవరో, ఎక్కడివాడో తెలియదని రాశాను. ఆయన దగ్గర ఏడు తరాల వివరాలు రాయించుకుని ఒక నకలు నాకు పంపారు. మంచి కుటుంబం.

ఇరవై ఆరో పేజీలో గంట గురించి రాశాను. ఆ ఇనప ముక్క ఊడితే సరిగ్గా మాస్టారి కాలు మీద పడుతుంది. నిజంగానే నాకు మాస్టారంటే గౌరవం. గంట దింపేశారు. బదులుగా ఈల ఇచ్చారు. ఈలలో గింజ ఉంటుంది కదా, అది గొంతులోకి పోతే? ఈల కూడా తీసుకున్నారు.

గంట లేని బడి ఎలా నడుస్తుందా అని అందరూ అనుకుంటుండగా విశ్వంభరరావు గారు స్వయంగా వచ్చారు. చేతిలో ఒక అట్ట పలక. దాని మీద ఎర్ర రంగుతో 'గంట కొట్టబడినది' అని రాసి ఉంది.

"ఇది అక్షర గంట," అన్నారు. "వేళకు దీన్ని పైకెత్తి చూపాలి. శబ్ద కాలుష్యం ఉండదు. పైగా ప్రతి గంటా ఒక పఠనాభ్యాసం. ఈ ఘనత చినకొమ్మర తల్లులదే."

"వెనక్కి తిరిగి ఉన్న పిల్లలో సార్?" అన్నారు భానోజీరావు గారు.

"అట్ట వెనక వైపు కూడా రాయించండి."

మాస్టారు వేళకి గుమ్మంలో నిలబడి, అట్టని రెండు చేతులతో ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూపేవారు. చదవడం రాని ఒకటో తరగతి పిల్లలకి గంట కొట్టారని ఇంకొకరు చదివి చెప్పేవారు. మా వంటింట్లో మాత్రం ఏమీ వినబడేది కాదు. పిల్ల లోపలికి వెళ్ళిందో లేదో తెలియక నేను రోజుకి మూడుసార్లు బడి గోడ మీదుగా చూసి వచ్చేదాన్ని. గోడ ఎక్కుతుంటే అది ఊగింది. గోడ గురించి రెండు రోజులకి సరిపడా వచ్చింది.

ఒక మధ్యాహ్నం భానోజీరావు గారు మా ఇంటికి వచ్చారు. మంచినీళ్ళిస్తే తాగకుండా గ్లాసు పట్టుకుని కూర్చున్నారు.

"వేణమ్మా, నువ్వు బాగా రాస్తున్నావు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇంత వేగంగా రాత మెరుగైన మనిషిని చూళ్ళేదు. కానీ తల్లీ, అప్పుడప్పుడు మంచి కూడా రాయొచ్చు కదా."

"మంచేముంటాదండి?"

"ఇవాళ అంతా బాగుంది, అలాంటిది."

ఆయన కోసం ప్రయత్నించాను. 'ఇవాళ అంతా బాగుంది' అని రాశాను. ఒక వరుస అయింది. మిగతా ఇరవై తొమ్మిదీ నావైపు చూస్తున్నాయి. బట్టల కొట్టువాళ్ళ పిల్ల బాగుందనీ, గోడ బాగుందనీ, తాళ్ళ పక్కన మనిషి బాగున్నాడనీ, ఎలాగో నింపి వేశాను. నాలుగో రోజుకి కాగితం తిరిగొచ్చింది. ఎర్ర సిరాతో కింద రాశారు: 'అర్జీయందు సమస్య కానరాలేదు. సమస్యను స్పష్టముగా తెలుపుచూ మరల సమర్పించగలరు.'

పుస్తకంలో ఒక పేజీ వృథా అయినందుకు ఆ రోజంతా మిగతా పేజీలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

మిగతా తల్లులకి అప్పటికే సరుకు అయిపోయింది. కూరల పేర్లు రాసి, చుట్టాల పేర్లు రాసి, 'బడికి సంబంధించినది కాదు' అని తిరిగొస్తే, అందరూ నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. మజ్జిగ తోడు అడిగినట్టు గుమ్మంలో నిలబడి అడిగేవారు.

"వేణీ, చిన్నదేదైనా ఓ భయం ఉంటే పెట్టవే," అంది మంగాయమ్మ పిన్ని. అప్పటికి పిన్నికి నిజంగానే రాయడం వచ్చేసింది. తెలిసిపోతుందేమోనన్న భయంతో మనవడి దగ్గర కూర్చుని నేర్చుకుంది.

"సాంబారులో బల్లి ఉంది పిన్నీ. ఇంకా వాడలేదు."

"పెద్దదా?"

"ముప్పై వరుసలకి వత్తాది."

పిన్ని బల్లిని తీసుకెళ్ళింది. వారానికి సాంబారు గిన్నెకి తాళం వేశారు. తాళం చెవి ఒకరి దగ్గర, తీసినట్టు సంతకం ఇంకొకరిది, సాక్షి మూడోవారు. ముగ్గురూ కలిసేసరికి సాంబారు చల్లారిపోయేది. చల్లటి సాంబారుతో పిల్లలకి జలుబు చేస్తుందన్న భయాన్ని నేను ఎదురింటావిడకి ఇచ్చాను.

యాభై ఎనిమిదో పేజీ నా చేత్తోనే రాశాను. మంచి మధ్యాహ్నం, మనసు కూడా ప్రశాంతంగా ఉంది. పిల్లల చేతుల్లో పెన్సిళ్ళుంటాయి, వాటికి మొనలుంటాయి, పక్కన ఇంకో పిల్ల కన్ను ఉంటుంది. అంతే రాశాను.

మర్నాడే మొనలు విరగ్గొట్టించారు. ఆ తర్వాతి వారం పెన్సిళ్ళే వెనక్కి తీసుకుని, సంచిలో వేసి, లక్క సీలు వేశారు. సుద్దముక్కలు మింగుతారని అంతకుముందే ఎవరో రాశారు. అదీ నేనిచ్చిందే.

తనూజ ఇంటికొచ్చి సంచి మంచం మీద పడేసింది.

"ఏమైంది?"

"ఏమీ కాలేదు. ఏమీ రాయలేదు. మాస్టారు గాల్లో అక్షరాలు రాత్తే మేం గాల్లో దిద్దేం. నాకు పద్దెనిమిది తప్పులంట. ఎవరు చూసేరు?"

"కళ్ళు జాగ్రత్తగా ఉన్నాయి కదమ్మా."

తనూజ ఖాళీ చెయ్యి నా ముందు పెట్టింది. "నువ్వు రాత్తావని మేం రాయడం లేదు," అంది. నా క్రావడులు దిద్దే తన పెన్సిలు కూడా ఆ సంచిలోకే వెళ్ళిపోయింది.

ఈ మాట నేను విశ్వంభరరావు గారికి చెప్పాను. వందో పేజీ దాకా ఆగకుండా ఆయన మా ఊరికి బోర్డు బహూకరించడానికి వచ్చిన రోజు అది.

"అధైర్యపడకండి," అన్నారు. "పిల్లలు రాయకపోయినా తల్లులు రాస్తున్నారు. మొత్తం మీద లేఖన సూచీ మూడున్నర రెట్లు పెరిగింది. అర్జీల పరిష్కారంలో మన మండలం ప్రథమ స్థానంలో ఉంది. వెయ్యి ఆరు వందల అర్జీలు, వెయ్యి ఆరు వందల పరిష్కారాలు, వెయ్యి ఆరు వందల సంతృప్తులు. అసంతృప్తి సున్న."

ఆయన మెడలో దండ ఉంది. వెనక రెండు ఇనప స్తంభాల మీద 'సంపూర్ణ లేఖన గ్రామం' అన్న బోర్డు నిలబెట్టారు. నేను దానివైపు చూశాను. ఒక స్తంభం కాస్త పక్కకి ఉంది. ఆపుకుందామనే అనుకున్నాను. ఆ సాయంత్రం చెయ్యి ఊరుకోలేదు. వారానికల్లా బోర్డుని నేల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. ఎండకి వెచ్చగా ఉంటుందని మేకలు దాని మీద పడుకునేవి.

తొంభై ఏడో పేజీ వేసిన రోజున ఆర్డరు వచ్చింది. భానోజీరావు గారు షామియానా కింద తల్లులందరినీ కూర్చోబెట్టి చదివారు. 

"చినకొమ్మర ప్రాథమిక పాఠశాలపై నూరు దినములలోపు వెయ్యి తొమ్మిది వందల అర్జీలు అందినందున, సదరు పాఠశాల అత్యంత ప్రమాదకరమైనదిగా రికార్డులు తెలుపుచున్నవి. కావున విద్యార్థుల క్షేమము దృష్ట్యా పాఠశాలను మూసివేసి, విద్యార్థులను పెదకొమ్మర పాఠశాలకు పంపవలెను. నడుమ గల జాతీయ రహదారి విషయమై ఇంతవరకు ఒక్క అర్జీయు అందలేదు. కావున రహదారి సురక్షితము."

 తాళ్ళ పక్కన మనిషి కూడా తల వంచుకున్నాడు.

నేను ఆ పెద్ద భయాన్ని తప్ప అన్నీ రాశాను. దాన్ని పేరు పెట్టి పిలవలేదు. పిలవకుండానే వచ్చింది.

తొంభై ఎనిమిదో పేజీలో ఫ్యాను తిరిగి పెట్టమని రాశాను. తొంభై తొమ్మిదో పేజీలో, అసలు నేను రాసినవన్నీ ఉత్త భయాలనీ, ఆ బడిలో ఎవరికీ ఒక గోరు కూడా ఊడలేదనీ రాశాను. ఆ రెండూ వేసి, ఆగలేక, మంగాయమ్మ పిన్నిని తోడు తీసుకుని మండల కార్యాలయానికి వెళ్ళాను. హైవే దాటడానికి ఇరవై నిమిషాలు పట్టింది. పిన్ని నా చెయ్యి వదలలేదు, నేను పిన్ని చెయ్యి వదలలేదు.

విశ్వంభరరావు గారు కుర్చీ చూపించారు. మర్యాదస్తుడు.

"అమ్మా, మీ ప్రతి అక్షరాన్నీ ప్రభుత్వం గౌరవించింది. ఇప్పుడు మీరు, ఫ్యాను మళ్ళీ పెట్టండి అంటున్నారు. పరిష్కరించబడిన సమస్యను పునఃసృష్టించే అధికారం ఈ కార్యాలయానికి లేదు."

"అవి సమస్యలు కావండి. పేజీ నింపడానికి రాసేను."

"అయితే మీరు సంతృప్తి ఎందుకు చెందారు? తొంభై మూడుసార్లు చెందారు. రికార్డుంది."

"ఫోనులో అడిగితే చెందేనండి. భయమేసి."

"భయపడి చెందినా సంతృప్తి సంతృప్తే," అన్నారాయన. "సోమవారం నుంచి పిల్లలు పెదకొమ్మర వెళ్తారు."

బయట వరండాలో కూలబడ్డాను. టపా బల్ల దగ్గర సూర్యకాంతం గారు పులిహోర తింటూ మమ్మల్ని చూస్తోంది. సన్నటి మనిషి, కళ్ళజోడుకి దారం.

"చినకొమ్మర వీరవేణి నువ్వేనా?" అంది. "నీ బల్లి చాలా బాగుంది."

"అది నాదండి," అంది పిన్ని.

"ఇంతకీ ఒకటి అడుగుతాను. మీ ఊళ్ళో ఎవరూ రెండు నొక్కరేంటి?"

"నొక్కితే ఇంటికొత్తారంటండి," అన్నాను.

"ఎవరొస్తారు? ఉన్నదే నలుగురం. ఒకటి నొక్కితేనే అర్జీ మూత. రెండు నొక్కితే మళ్ళీ మొదటికొస్తది, మళ్ళీ ఏడు రోజులు. పిల్లల్ని పంపే దారి మీద మూతపడని అర్జీ ఒక్కటున్నా సరే, ఆ బడి మీద ఏ ఆర్డరూ కదలదు. పద్నాలుగేళ్ళ నుంచి ఈ బల్ల దగ్గరే ఉన్నాను. రెండు నొక్కినవాళ్ళని ఇంతవరకూ చూళ్ళేదు." ఆవిడ చెయ్యి కడుక్కుని వచ్చి ముద్ర చేతిలోకి తీసుకుంది. "పేజీలేమైనా మిగిలాయా?"

ఒకటి మిగిలింది. వందోది.

ఆ వరండాలో మోకాళ్ళ మీద పుస్తకం పెట్టుకుని రాశాను. మొదటి వరుసలో 'నాకు భయంగా ఉంది' అని రాశాను. రెండో వరుసలో హైవే పేరు రాశాను. చెయ్యి ఆగింది. మా అమ్మ గుర్తొచ్చింది. ఎలాగూ వచ్చేసిన దాన్ని పిలిస్తే ఏమవుతుందిలే అనుకుని మిగతా ఇరవై ఎనిమిది వరుసలూ రాశాను. లారీలు, పొద్దుటి మంచు, రొయ్యల బళ్ళ నుంచి కారే నీళ్ళు, అటు చూసి ఇటు చూసేలోపు అటు వచ్చేసే బస్సు, ఎనిమిదేళ్ళ పిల్ల అడుగు ఎంతుంటుందో, నాలుగు వరుసలకి అలాంటి అడుగులు ఎన్ని కావాలో. చివరి వరుసలో 'ఈ భయము పోవునట్లు చేయగలరు' అని, వీరవేణి అని రాశాను. ఈసారి క్రావడులన్నీ నేనే చూసుకున్నాను.

సూర్యకాంతం గారు ముద్ర కొట్టింది. చాలా గట్టిగా కొట్టింది.

సోమవారం పిల్లలు పెదకొమ్మర వెళ్ళలేదు. ఆర్డరు పెండింగులో పడింది.

ఆరో రోజుకి హైవే పక్కన 'జాగ్రత్త' అని బోర్డు పెట్టారు. ఫోను వచ్చింది. సంతృప్తి చెందినట్లయితే ఒకటి, చెందనట్లయితే రెండు. నా వేలు ఒకటి మీదే అలవాటుగా వెళ్ళింది. ఎదురుగా తనూజ నిలబడి ఉంది. కళ్ళు మూసుకుని రెండు నొక్కాను. తలుపు గడియ పెట్టి సాయంత్రం వరకూ లోపలే కూర్చున్నాను. ఎవరూ రాలేదు. మా ఆయన వచ్చి తలుపు కొడితే మాత్రం చాలాసేపు తియ్యలేదు.

రెండో వారం రోడ్డు మీద తెల్ల చారలు వేశారు. రెండు నొక్కాను. మూడో వారం తాళ్ళ పక్కన మనిషికి ఎర్ర జెండా ఇచ్చి హైవే దగ్గర నిలబెట్టారు. మంచి కుటుంబమే, అయినా రెండు నొక్కాను. నాలుగో వారం నా భయాన్ని మూలంలోనే తీసెయ్యాలని ధైర్య నిపుణుడు ఒకాయన్ని పంపారు. కుర్రవాడే, మెడలో కార్డు.

"మీ భయాన్ని పది మార్కులకి ఎన్ని ఇస్తారు మేడం?" అన్నాడు.

"మీరు బండి మీద వచ్చేరా నాయనా?"

"అవును మేడం."

"హెల్మెట్టేదీ?"

"దగ్గరే కదా అని."

"మీ అమ్మగారికి తెలుసా?"

అతను కాగితం కింద పెట్టాడు. నేను ఆ రోడ్డు గురించి నాకు తెలిసిందంతా నెమ్మదిగా చెప్పాను. తిరిగి వెళ్ళేటప్పుడు అతను హైవే పక్కన ముప్పావుగంట నిలబడి, చివరికి జెండా మనిషి చెయ్యి పట్టుకుని దాటాడని పిన్ని చూసి వచ్చి చెప్పింది. ఆ వారం కూడా రెండే.

ఆఖరికి విశ్వంభరరావు గారే వచ్చారు. మా అరుగు మీద కూర్చున్నారు.

"అమ్మా, జిల్లా మొత్తానికి ఒకే ఒక్క అసంతృప్తి మీది. పై సమావేశంలో పటం మీద ఎర్ర చుక్క పెట్టి చూపిస్తున్నారు. అసలు మీకు సంతృప్తి ఎప్పుడు కలుగుతుంది?"

"మా అమ్మాయి పెద్దదయ్యాకండి."

"ఎంత పెద్దది?"

"నాయంత. అప్పుడు కూడా చెప్పలేనండి."

 ఆయన పుస్తకం తీసి, 'దీర్ఘకాలిక పెండింగు, యథాతథ స్థితి కొనసాగించవలెను' అని రాసుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు భానోజీరావు గారు పెన్సిళ్ళ సంచి సీలు విప్పారు. ఫ్యాను తెప్పించారు, అదే వంగిన రెక్క. సాంబారు తాళం తీయించారు. మిగిలిన ఆ కొమ్మకి రైలు పట్టా ముక్క మళ్ళీ కట్టారు.

"ఇవన్నీ చెయ్యొచ్చా మాస్టారూ?" అన్నాను.

"యథాతథ స్థితి అన్నారు తల్లీ. ఏనాటి యథాతథ స్థితో రాయలేదు. నేను జూలై అనుకున్నాను."

ఇప్పుడు ప్రతి సోమవారం పదిన్నరకి ఫోను మోగుతుంది. ఆ ఆడపిల్ల గొంతు నాకు అలవాటైపోయింది, ఊపిరి తీసుకోదని బెంగ తప్ప. నేను అబద్ధం నొక్కను. గుండె మీద చెయ్యి పెట్టుకుని, పోయిందేమోనని నిజంగానే చూసుకుంటాను. పోలేదు. రెండు నొక్కుతాను.

మధ్యాహ్నం అన్నం గంట మోగుతుంది, గిన్నెలు గుయ్యిమంటాయి, తనూజ తింటోందని తెలుస్తుంది. ఆ ఇనప ముక్కకి కట్టిన తాడు మాత్రం కాస్త పాతది. కొట్టేటప్పుడు మాస్టారి కాలు సరిగ్గా దాని కిందే ఉంటుంది. గోడ మీదుగా రోజూ చూస్తున్నాను.

రాయను.